ఊ కొట్టే మనిషి



నేను కూర్చున్న గది ఎట్లా ఉన్నదో ముందు చెప్తాను. గోడలకు చిల్లులు చిల్లుల అట్టలు, కింద దళసరి తివాచీ, మూతి ముందర మైకు. మాట నోట్లోంచి బయటపడగానే గోడలు మింగేస్తాయి. అద్దం అవతల రికార్డింగ్ చేసే ఆయన ఉన్నాడు గానీ ఆయన గొంతు నాకు వినపడదు. కథలు చెప్పుకునే మనిషికి ఇంతకన్నా కష్టమైన చోటు ఇంకొకటి ఉండదు. ఇక్కడ ఊ కొట్టేవాళ్లు లేరు.

మా నల్లగొండ వైపు కథ మొదలుపెట్టే ముందే షరతు పెట్టేవాళ్లు. "ఊ కొట్టాలె. ఊ ఆగితే కథ ఆగుతది." వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఎంతమందిమి ఆ షరతుకు ఒప్పుకున్నామో లెక్కలేదు. ఊలో ఎన్ని రకాలున్నాయో ఆ రోజుల్లో పట్టించుకోలేదు. మామూలుగా ఊ అంటే, వింటున్నా, కానియ్ అని. గొంతు పైకి లేపి ఊఁ? అంటే, తర్వాత ఏమైంది అని. ఊహూఁ అంటే, నమ్మను పో అని. ఊఊఊ అని సాగదీస్తే, ఇది నిన్న చెప్పిందే కదా అని. చెప్పే మనిషి ఆ ఊలను బట్టి కథను ఒకచోట పొడిగించేది, ఒకచోట తుంచేది, అవసరమైతే మధ్యలోకి ఒక పులిని తోలుకొచ్చేది.

కాగితం మీద రాసేవాడికి ఆ వసతి లేదు. చదివేవాడు ఎక్కడ ఊ కొట్టుడు మానేశాడో మనకు తెలియదు. పత్రిక మడిచి తలకింద పెట్టుకుని పడుకుంటాడు, అంతే. కథను చదివించడమెట్లా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నాకు తెలిసింది ఒకటే. రాసేటప్పుడు ఎదురుగా ఒక ఊ కొట్టే మనిషిని కూర్చోబెట్టుకోవాలి. ఆ మనిషి ఎట్లా దొరుకుతాడో చెప్పాలంటే నేను తిన్న దెబ్బతో మొదలుపెట్టాలి.

ముప్పై ఏండ్ల కిందటి ముచ్చట. మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో తెలుగు పంతులుగా ఉన్నాను. ఆ ప్రాంతం పేరు చెప్తే చాలు, ఫ్లోరైడ్ నీళ్లు గుర్తుకొస్తాయి. ఆ నీళ్లు తాగీ తాగీ పిల్లల పళ్ల మీద పసుపుపచ్చ గార గీతలు. పెద్దవాళ్లకైతే ఎముకలు బిగుసుకుపోయి కొందరికి నడుము వంగేది కాదు, కొందరికి వంగింది లేచేది కాదు. నేను కొత్తగా కథలు రాస్తున్నాను. ఇంతకన్నా పెద్ద కథ ఎక్కడుంటుందని ఒక్క రాత్రిలో రాసేశాను. మొదటి పేరాలోనే రాతి పొరలు, భూగర్భ జలాలు, లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు అన్న లెక్క, పాలకుల నిర్లక్ష్యం. రెండో పేరాలో ఒక ముసలాయన వచ్చాడు. మూడో పేరాకల్లా కన్నీళ్లు పెట్టుకున్నాడు. చివర్లో ఒక యువకుడు పిడికిలి బిగించాడు. ఒక పత్రికకు పంపితే తిరిగొచ్చింది. ఇంకొక పత్రికకు పంపితే తిరిగి కూడా రాలేదు.

ఉక్రోషమొచ్చి శనివారం ఆఖరి పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. పట్నంలో ఎడిటర్లకు అర్థం కాకపోతే కాకపోయింది, ఈ నీళ్లు తాగే పిల్లలకు అర్థం కాదా అని నా ధీమా. మొదటి పేరా అయ్యేసరికి వెనక బెంచీలో ఇద్దరు నోటుబుక్కులో చుక్కలాట మొదలుపెట్టారు. ముసలాయన రాగానే కొందరు తలలెత్తారు. ఆయన చెంబెత్తి గటగటా నీళ్లు తాగి, తాగిన నీళ్లనే తిట్టే సన్నివేశం ఒకటి రాశాను. కథకు అదే ఆయువుపట్టని నా నమ్మకం. అక్కడికొచ్చేసరికి కిటికీ పక్క కూర్చున్న పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"సార్, ఆయనకు మెడ తిరుగదని చదివిన్రు గదా?"

"అవును, చదివిన."

"మరి తల ఎన్కకు వంచకుంట చెంబెత్తి ఎట్ల తాగిండు సార్?"

క్లాసు నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. అందరూ జవాబు కోసం నా మొఖం చూశారు. నా దగ్గర జవాబు లేదు. పిల్లవాడే మళ్లా అన్నాడు, "మా తాత ఎట్ల తాగుతడో చూపియ్యాల్నా సార్?"

చూపించాడు. గోడ దగ్గరికి పోయి వీపు ఆనించి నిలబడ్డాడు. మోకాళ్లు కొంచెం వంచాడు. మెడ అట్లనే కట్టెలాగ పెట్టి, నడుము కాడి నుంచి ఒళ్లంతా ఒక్క పలకలాగా వెనక్కి వాల్చాడు. చేతిలో లేని గ్లాసును పెదవికి ఆనించి మెల్లగా వంచాడు. సగం నీళ్లు లోపలికి, సగం గడ్డం మీది నుంచి కిందికి. "అంగీ తడుస్తదని మా అవ్వ తువ్వాల కడ్తది సార్, చిన్న పోరలకు కట్టినట్టు" అని చెప్పి పోయి తన జాగాలో కూర్చున్నాడు.

ఆ తువ్వాల నా కథలో లేదు. నా కథలో 1.5 మిల్లీగ్రాములు ఉన్నది.

ఆ పిల్లవాడు చెప్పింది ఊహూఁ. నమ్మను పో అన్న ఊ అది. రచయితకు దానంత విలువైనది ఇంకొకటి దొరకదు. పాఠకుడు మన అభిప్రాయంతో పేచీ పెట్టుకోడు. దొరలు చెడ్డవాళ్లంటే ఊ అంటాడు, కరువు ఘోరమంటే ఊ అంటాడు. చెంబు దగ్గర ఆగిపోతాడు. చెంబు అబద్ధమైతే దొరా అబద్ధమే, కరువూ అబద్ధమే. అందుకని రాసింది పట్టుకుపోయి, ఆ పని రోజూ చేసే మనిషికి వినిపించడం అలవాటు చేసుకున్నాను. మోట గురించి రాస్తే మోటకొట్టినాయనకు, తాళ్ల గురించి రాస్తే గౌడాయనకు. సాహిత్యం బాగుందో లేదో వాళ్లను అడగను. ఎక్కడ నవ్వుతారో చూస్తాను. నవ్వకూడని చోట నవ్వారంటే అక్కడ చెంబున్నట్టు.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకదానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం, ఇంత బ్లీచింగ్ పౌడరు వేసి బాగా తిప్పుతారు. తర్వాత కదలకుండా వదిలేస్తారు. పటిక మెత్తటి తెట్టెలాగా కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరుకున్న నీళ్లు వంచుకోవాలి. నా కథకు కావలసింది సరిగ్గా అదే. ఉపన్యాసం అడుగుకు దిగాలి. దిగాలంటే కలిపినదాన్ని కొన్నాళ్లు కదపకుండా పెట్టాలి. నేనేమో కలిపిన రాత్రే గ్లాసులో పోసి ఇచ్చాను.

కష్టాలున్న జిల్లాల రచయితలకు ఈ జబ్బు ఎక్కువ. పాలమూరు అంటే వలస, నల్లగొండ అంటే ఫ్లోరైడ్. రాయడానికి కూర్చోగానే విషయం గొంతుమీద కూర్చుంటుంది. 2016లో జిల్లాలు ముక్కలయ్యాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అని బోర్డులు మారాయి. జబ్బు మాత్రం బోర్డు మార్చలేదు. కలెక్టరుకు రాయవలసిన అర్జీని కథ అని పత్రికకు పంపుతుంటాము. అర్జీ చదవడం కలెక్టరు ఉద్యోగం. మన కథ చదవడం ఎవరి ఉద్యోగమూ కాదు.

ఇప్పుడు రెండో ఊ సంగతి. ఊఁ? తర్వాత?

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక నడిపిన మనిషిగా, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన మనిషిగా అందరికీ తెలుసు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి ఆ పుస్తకానికే. ఆయన కథలూ రాశారు, మొగలాయి కథలు అని. అందులో ఒక కథ పేరు: గ్యారా కద్దూ బారా కొత్వాల్. కద్దూ అంటే హైదరాబాదు ఉర్దూలో మన ఆనిగెపుకాయ. కొత్వాల్ అంటే పోలీసు పెద్ద. కథలోకి పోవద్దు, పేరు దగ్గరే ఆగండి. కాయలు పదకొండు. కొత్వాళ్లు పన్నెండు మంది. పన్నెండో వాడికి ఏమివ్వాలె?

ఆ ప్రశ్న మనమే అడిగాము, ఆయన అడగలేదు. నిజాం రాజ్యంలో లంచగొండితనం అని పేరు పెట్టి ఉంటే అవునండీ అని పేజీ తిప్పేవాళ్లం. ఆయన ఒక లెక్క చెప్పి, లెక్కలో ఒకటి తక్కువ పెట్టి ఊరుకున్నారు. ఆ ఒక్కటి పూడ్చుకోవడానికి మనం కథలోకి పోతాము. ఆసక్తి పుట్టించడమంటే ఏదో పెద్ద రహస్యం దాచిపెట్టడమని చాలామంది అనుకుంటారు. ముసుగు మనిషి, అర్ధరాత్రి, కుక్కల అరుపు. అవేవీ అక్కర్లేదు. ఒక కాయ తక్కువైతే చాలు.

కథ మొదటి వాక్యం కూడా అట్లాంటిదే. పాలమూరు వలస మీద కథ రాసుకొచ్చిన ఒక పిల్లవాడితో ఈ మధ్య కూర్చున్నాను. అతని మొదటి వాక్యం, పాలమూరు జిల్లా కరువు కాటకాలకు పుట్టినిల్లు అని. అతనిది మఖ్తల్ వైపు. అమ్మా నాయిన ఇద్దరూ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టుకుని బొంబాయి పోయినవాళ్లే. "మీ అమ్మ బస్సెక్కిన రోజు ఏం జరిగింది?" అని అడిగాను. చాలాసేపు ఏమీ లేదన్నాడు. తర్వాత నసుగుతూ చెప్పాడు, బస్సు కదిలినంక వాళ్లమ్మ కిటికీలోంచి అరిచిందట, కోళ్లను గంప కింద కమ్మలేదురా అని.

"రాయి" అన్నాను. రాశాడు. బస్సు కదిలినంక యాదికొచ్చింది ఆమెకు, కోళ్లను కమ్మలేదని.

ఆ వాక్యం వినగానే నాలోని ఊ కొట్టే మనిషి లేచి కూర్చున్నాడు. కోళ్లను ఎవరు కమ్ముతారు ఇప్పుడు? ఇంట్లో ఎవరున్నారు? ఆరు నెలలకు పోయే మనిషి ఆ పూట కోళ్ల గురించి ఎందుకు అరిచింది? ఇంటి మీద ప్రాణం ఎంతగా ఉంటే అరుస్తుంది? కరువు అన్న మాట వాక్యంలో లేదు. అయినా ఉన్నది. నిజానికి అరిచిన మాట కోళ్ల గురించి కాదు, వెనక నిలబడిపోయిన పిల్లవాడి గురించి అని అతనికి కూడా రాస్తుంటేనే తెలిసింది. తలకాయ వంచుకుని చాలాసేపు కాగితం మీద గీతలు గీశాడు. నేను ఛాయ్ తేవడానికి లేచిపోయాను.

అయితే మొదటి వాక్యంలో చమత్కారం చేసి, రెండో పేరాలో మళ్లా కరువు కాటకాల దగ్గరికి పోతే లాభం లేదు. అతను పోయాడు. అది వేరే సంగతి. నేర్చుకుంటాడు.

సాగదీసే ఊ గురించి కిన్నెర చెప్తే బాగుంటుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తర్వాత అందరికీ తెలిసింది గానీ, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లల్లో కిన్నెర కథ ఎప్పటి నుంచో ఉన్నది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. వినేవాళ్లలో సాయన్న ఎవరో తెలియనివాడు లేడు. చివరికి ఆయనకు ఏమవుతుందో పసిపిల్లలకు కూడా తెలుసు. నిన్న చెప్పిందే కదా అని ఊఊఊ సాగదీయవలసిన కథ. మరి అంతమంది ఎందుకు కూర్చుంటారు?

కిన్నెర వాయించేటాయన సాయన్నకు ఏమైందో చెప్పడు. ఎట్లా అయిందో చెప్తాడు. ఏ చెట్టు కింద నిలబడ్డాడు, తలపాగ ఎట్లా చుట్టాడు, ముసలమ్మ ఇంటికొస్తే ఆమె ఏమన్నది. ప్రాణం మీదికొచ్చిన చోట ఆపి తీగ మీటుతాడు. కిన్నెర కొసకున్న చెక్క పక్షి ఆ మీటుకు తలూపుతుంది. పిల్లల కళ్లన్నీ పక్షి మీద. ఆ కాసేపు సాయన్న ప్రాణం గాలిలో వేలాడుతుంటుంది. తెలిసిన చావే, అయినా ఈసారి తప్పించుకుంటాడేమో అని పిచ్చి ఆశ. ఆ ఆశ పుట్టించడానికి కొసమెరుపు అవసరం లేదు. మన పత్రికల కథల్లో చివరి వాక్యంలో అందరినీ అదరగొట్టాలన్న రంది ఎక్కువైంది. ఒకసారి అదిరినవాడు రెండోసారి చదవడు. సాయన్న కథను వందసార్లు వింటాడు.

ఇక భాష. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మా వైపు రచయితలు అసలు పోట్లాట పడింది ఇక్కడే.

పాకాల యశోదారెడ్డి గారు 1929లో పాలమూరు జిల్లా బిజినేపల్లిలో పుట్టారు. ఎఱ్ఱన, నాచన సోమన చేతుల్లో తెలుగైన హరివంశాల మీద పరిశోధన చేసిన పండితురాలు. యూనివర్సిటీ ఆచార్యురాలు. గ్రాంథికం కావాలంటే గ్రాంథికం, శిష్టవ్యావహారికం కావాలంటే అది, ఏదైనా రాయగలిగిన మనిషి. ఆమె 1973లో మా ఊరి ముచ్చట్లు అని కథలు అచ్చువేశారు. అవి పాలమూరు ఆడవాళ్లు బాయికాడ, కల్లంకాడ మాట్లాడుకునే భాషలో ఉన్నాయి. తర్వాత ఎచ్చమ్మ కథలు వచ్చాయి. సినిమాల్లో మన మాట రౌడీ నోట్లోనో, నవ్వించడానికి పెట్టిన నౌకరు నోట్లోనో తప్ప వినపడని రోజులవి. ఆమెకు వేరే భాష రాక ఇది రాయలేదు. అన్ని భాషలూ వచ్చి ఇది ఎంచుకున్నారు. ఆ తేడా వాక్యంలో తెలుస్తుంది.

యాస అంటే క్రియ చివర మార్చడమని చాలామంది అనుకుంటారు. వచ్చాడు కొట్టేసి వచ్చిండు అని రాసి, తెలంగాణ కథ రాశామనుకుంటారు. ఆలోచన గుంటూరుదో హైదరాబాదుదో, చివర తోక మాత్రం మనది. అతను చాలా బాధపడ్డాడు అన్న వాక్యాన్ని గాయిన శాన బాధపడ్డడు అని మార్చినంత మాత్రాన ఊరి మాట కాదు. ఊళ్లో అట్లా ఎవరంటారు? మా పక్కింటి పెద్దమ్మను అడిగితే ఇట్లా అంటుంది: "పొద్దూకినంక బువ్వ కాడ కూసున్నడు గని, మెతుకు ముట్టకుంట చెయ్యి కడుక్కోని లేశిండు." బాధ అన్న మాట లేదు. బువ్వ ఉన్నది, కడుక్కున్న చెయ్యి ఉన్నది. యశోదారెడ్డి గారి భాష గొప్పతనం ఉచ్చారణలో లేదు, ఈ చూపులో ఉన్నది. మీరు యాసలో రాసినా రాయకపోయినా ఈ చూపు మాత్రం అరువు తెచ్చుకోవలసిందే.

నల్లగొండ నుంచి వేముల ఎల్లయ్య గారు 2000లో కక్క నవల తెచ్చారు. దాంట్లో పాత్రల మాటలే కాదు, కథ నడిపే గొంతు కూడా మాదిగవాడ భాషే. చదువుకున్నవాళ్లు కొందరు అర్థం కాలేదన్నారు. ఆ మాట అనుకోవలసి రావడమే వాళ్లకు కొత్త. అంతకు ముందు వందేండ్ల నుంచి పుస్తకాలు అర్థం కానిది అవతలివాళ్లకు. హిందీలో ఫణీశ్వర్‌నాథ్ రేణు 1954లో మైలా ఆంచల్ రాసినప్పుడు కూడా పూర్ణియా ప్రాంతపు మాట నవలకెక్కింది, చదివేవాళ్లు అలవాటు పడ్డారు. కేశరాజుపల్లి నుంచి వచ్చిన స్కైబాబ తన అధూరె కథల్లో నల్లగొండ ముస్లిం ఇండ్లలో మాట్లాడే ఉర్దూను తెలుగు వాక్యంలోకి అట్లనే రానిచ్చారు. అమ్మీ, చిచ్చా, దస్తర్ఖాన్. అట్లాంటి మాటలకు కుండలీకరణాల్లో అర్థాలు పెట్టాలి గదా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, మీ ఇంటికి చుట్టమొస్తే మెడలో చీటీ కట్టి కూర్చోబెడతారా?

అందరూ ఇట్లనే రాయాలని నేననను. గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరు వేరు గుణాలున్న పోగులు. అంచు ఒంటిని కలిసే చోట పోగు పోగుకూ మెలిక వేస్తారు, కుప్పడం అంటారు దాన్ని. అక్కడ చెయ్యి జారితే నాలుగు ఉతుకులకే అంచు విడిపోతుంది. కథనం ఒక భాషలో, సంభాషణ ఇంకొక భాషలో పెట్టుకునే రచయిత పని అదే. నూలుకు నూలు, పట్టుకు పట్టు, తప్పులేదు. కలిసే చోట మెలిక పడాలి. పాత్ర "ఏం జెయ్యాల్నే ఇగ" అన్న వెంటనే రచయిత "అని ఆమె తన అంతరంగంలోని వేదనను వ్యక్తపరిచింది" అని రాస్తే అంచు అక్కడే ఊడిపోయింది. ఇప్పుడు నేను మాట్లాడుతున్నది కూడా ఇస్త్రీ చేసిన తెలుగే, ఒప్పుకుంటాను. రేడియోకొస్తున్నానని ఇంట్లో ఇస్త్రీ చేసిచ్చారు.

వట్టికోట ఆళ్వారుస్వామి గురించి చెప్పకుండా లేస్తే నకిరేకల్ పోయి మొఖం చూపించలేను. 1915లో అక్కడికి దగ్గరలో చెరువు మాదారంలో పుట్టారు. బడికి పోయే స్తోమత లేక, ఒక పంతులు గారింట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. విజయవాడలో హోటల్ సర్వరుగా పనిచేశారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. ప్రజల మనిషి, గంగు నవలలు రాసిన మనిషి ఈయన. గంగు పూర్తికాకముందే 1961లో పోయారు.

నాకు ఆ పుస్తకాల మూట మీద మనసు నిలుస్తుంది. గడప ముందు నిలబడి, లోపలి నుంచి వచ్చిన మనిషికి పుస్తకం చేతికిచ్చి, వాళ్లు పేజీలు తిప్పుతుంటే మొఖం చూడాలి. ఎక్కడ ఆగారు, ఎక్కడ నోరు కొంచెం తెరిచారు, ఎక్కడ వద్దులే అని తిరిగి ఇచ్చేశారు. అన్ని గడపల ముందు నిలబడ్డవాడికి పాఠకుడు అన్నది ఒట్టి మాట కాదు, మొఖమున్న మనిషి. ఇవాళ రాసేవాళ్లం ఆ మొఖం చూడకుండానే పుస్తకం వేస్తాము, ఆవిష్కరణ సభ పెట్టుకుంటాము, సభకు వచ్చినవాళ్లు కూడా రచయితలే. ఒకరికొకరం శాలువాలు కప్పుకుని ఇంటికి పోతాము.

ఇంకొకటి. కమ్యూనిస్టుగా ఆయన ఏండ్ల తరబడి జైల్లో ఉన్నారు. జైలు నుంచి వచ్చిన రాజకీయ ఖైదీ తన పోరాటం గురించి, తన త్యాగం గురించి రాసుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన జైలు లోపల అని కథల పుస్తకం రాసి, దాంట్లో మామూలు నేరాల మీద లోపలికొచ్చిన ఖైదీల బతుకులు పెట్టారు. పక్క బ్యారక్‌లో ఉన్నవాడి కథ. దానికి ఎంత ఊ కొట్టి ఉండాలి ఆయన! రాత్రుళ్లు వాళ్ల దగ్గర కూర్చుని, తన సిద్ధాంతం పక్కన పెట్టి, ఊఁ? తర్వాత? అని ఎన్నిసార్లు అడిగి ఉంటే అవి బయటికొస్తాయి? మనం ఊ కొట్టే మనిషి కావాలంటున్నాం గదా. ఆ మనిషిగా ముందు మనమే కొన్నాళ్లు ఉండాలి. నా మొదటి కథ ఎందుకు పాడైందో చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ముసలాయన పక్కన నేను ఒక్క పూట కూర్చోలేదు. రోజూ ఆయన ఇంటి ముందు నుంచే బడికి పోయేవాణ్ణి.

ఆ కథ ఏమైందని అడుగుతారు. ఇంకా నా దగ్గరే ఉన్నది. రాతి పొరలు పోయాయి, మిల్లీగ్రాములు పోయాయి, పిడికిలి బిగించిన యువకుడు ఉపాధి వెతుక్కుని ఎటో వెళ్లిపోయాడు. ఇప్పుడు దాంట్లో ఒక ముసలామె, ఒక తువ్వాల మిగిలాయి. తువ్వాల ముడి మెడ వెనక వేస్తుందా, పక్కకు వేస్తుందా అన్న దగ్గర ఆగింది. మెడ బిగిసిపోయిన మనిషికి వెనక ముడి వేస్తే పడుకున్నప్పుడు గుచ్చుకుంటుంది. విప్పడం మరిచిపోతే రాత్రంతా గుచ్చుకుంటుంది. ఆమె మరిచిపోయే మనిషేనా? అది తేలితే కథ అయినట్టే.

అద్దం అవతల ఆయన తల ఊపుతున్నాడు. అది ఊ కొట్టడమో, టైమైందని చెప్పడమో ఇక్కడి నుంచి తెలుస్తలేదు.